ఎడమ మర

మా మేనత్త మా ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఏమే, కొనుక్కోవడం ఎంతవరకు నేర్చుకున్నావు?"

నేను చదువుతున్నది కన్స్యూమర్ సైన్స్. అప్పటికి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. చొక్కా గుడ్డ ఎన్ని ఉతుకులకి వెలిసిపోతుంది, డబ్బా మీద అచ్చేసిన బరువు డబ్బా లోపల ఉందా లేదా, ఇస్త్రీపెట్టె తీగ ఎన్ని మడతలకి తెగుతుంది, ఇవన్నీ కొలిచి కొన్నవాళ్ళ తరఫున మాట్లాడే చదువు అది. ఈ ముక్క అత్తకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "సరేలే, ముందు మీ అమ్మకి గిన్నె పట్టుకోవడం నేర్పు. ఆ పుర్రచేతి మహాతల్లి నేర్చుకుందంటే నీకు డిగ్రీ వచ్చినట్టే" అనేది, అమ్మ వింటూ ఉండగానే. అమ్మ నవ్వేసేది. నాకు అత్త మాటల కంటే ఆ నవ్వుకే ఎక్కువ ఒళ్ళు మండేది.

అమ్మది ఎడమచేతివాటం. రెండేళ్ళ కిందటి దాకా ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో పాలు, టీ ఆవిడే చూసుకునేది. ఎనిమిదేళ్ళు చేసింది. ఒకరోజు మరిగిన పాలగిన్నె ఎత్తి వంపుతుంటే పిడి ఊడి చేతిలోకొచ్చింది. గిన్నె కుడి ముంజేతి మీద బోర్లాపడింది. కాలిన చెయ్యి మూడు నెలలకి మానింది కానీ, క్యాంటీన్ మేనేజరు రిజిస్టరులో రాసిన వాక్యం మానలేదు. "ఎడమచేతి అలవాటు వల్ల, అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం." పని మానిపించి అమ్మ చేతికిచ్చిన కాగితంలో కూడా అదే వాక్యం ఎక్కించాడు. ఆ తర్వాత ఏ వంటింటికి పని అడగడానికెళ్ళినా పాత చోటు కాగితం చూపించమనేవాళ్ళు, చదివేవాళ్ళు, కబురుచేస్తాం వెళ్ళమనేవాళ్ళు.

ఇంట్లో నాన్న ఒక చట్టం పెట్టాడు. నాన్న లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇనుమును వెంట్రుకవాసి తేడా రాకుండా కోసే మనిషికి పొరపాటంటే గిట్టదు. "ఇకమీదట ఏ పనైనా కుడిచేత్తోనే" అన్నాడు. కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. కానీ నలభై ఆరేళ్ళ మనిషి కుడిచేత్తో గరిటె తిప్పడం, కుడిచేత్తో కత్తి పట్టడం, కుడిచేత్తో సంతకం పెట్టడం కొత్తగా నేర్చుకుంటే ఏమవుతుంది? గ్లాసులు పగిలాయి. నీళ్ళు ఒలికాయి. ఒలికిన ప్రతిసారీ నాన్న "చూశావా" అనేవాడు. ఎడమచెయ్యి దానంతటదే ముందుకొస్తే "కుడి, కుడి" అని గుర్తుచేసేవాడు. అమ్మ అంతకుముందు చుక్క ఒలకబోసిన మనిషి కాదు. ఆ సంగతి రెండేళ్ళలో ఇంటిల్లిపాదీ మర్చిపోయాం. నేను కూడా.

ఆ ఎండాకాలం మా ప్రాజెక్టు పాలగిన్నెల మీద. ఒక తయారీ కంపెనీ మా లాబ్‌కి పన్నెండు గిన్నెలు పంపింది. పొడుగాటి పిడి, వంపడానికి రెండు పక్కలా మూతి, అడుగున మోడల్ నంబరు ముద్ర. నలభై రెండు మందిని పిలిచి, ఒక్కొక్కరి చేతా గోరువెచ్చని నీళ్ళు ముప్పైసార్లు వంపించి, ఎంత ఒలికిందో కొలవాలి. మనిషికొక ఫారం. ఫారంలో మొదటి ప్రశ్న: ఏ చేతివాటం? ఎడమ అన్నారంటే అక్కడితో సరి. "మినహాయింపు" అని రాసి, వచ్చినందుకు థాంక్స్ చెప్పి పంపెయ్యాలి. కుడి అన్నవాళ్ళు పరీక్షలో నీళ్ళు ఒలకబోస్తే గిన్నె సరిగ్గా ఉందో లేదో చూడాలి. గిన్నె సరిగ్గానే ఉంటే ఆఖరి గడిలో "వాడకం లోపం" అని రాయాలి.

మా లాబ్ మేడం పద్ధతి తప్పని మనిషి. స్కేలు ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపినా కనిపెట్టేది. నేనేమో ఆవిడ మెచ్చిన విద్యార్థినిని. మూడు వారాల్లో ఏడుగురిని గుమ్మం దగ్గరే వెనక్కి పంపాను. వాళ్ళలో ఒకాయన దర్జీ, ఇంకొకావిడ లెక్కల టీచరు. టీచరు "పర్లేదమ్మా, మాకిది అలవాటే" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ అలవాటేమిటో అడగాలని కూడా నాకు తట్టలేదు. మినహాయింపు అన్న మాట నేను చాలా అందంగా రాసేదాన్ని.

ఎండలు ముదిరేసరికి జనం రావడం మానేశారు. లెక్కకి ఇంకా మనుషులు కావాలి.

"అమ్మా, రేపు నువ్వు రాకూడదూ" అన్నాను.

"నేనా? నాకేం వచ్చే?"

"ఏమీ రానక్కర్లేదు. నీళ్ళు వంపాలి, అంతే."

"అదేగా నాకు రానిది" అని నవ్వింది. అయినా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కూతురి కాలేజీకి తొలిసారి వస్తున్నానన్న సంబరంతో వచ్చింది. లాబ్‌లో అడుగుపెట్టి, బల్ల మీద వరసగా పెట్టిన గిన్నెలు చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. కొత్తచోటు కదా, జంకుతోందనుకున్నాను.

"ఏ చేతివాటం?" అని కన్నతల్లిని అడిగాను. పక్కనే మేడం నిలబడి ఉంది.

అమ్మ నా మొహంలోకి చూసింది. "కుడి" అంది.

అబద్ధమని తెలిసే రాసుకున్నాను. నాకు మనుషులు తక్కువ. ఫారం నంబరు ఇరవై మూడు. ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంటే అమ్మ కుడిచేత్తో వంకరటింకరగా పెట్టింది. తర్వాత వంపడం మొదలుపెట్టింది. నాలుగోసారికి మణికట్టు వణికింది. ఏడోసారికి నీళ్ళు బల్ల మీదికి వచ్చాయి. పదకొండు, పన్నెండు, పద్నాలుగు... గుడ్డతో తుడవడం, మళ్ళీ వంపడం. చుట్టూ ఉన్న పిల్లలు మర్యాదకి అటు తిరిగారు. మేడం గిన్నె తీసుకుని పిడి లాగి చూసింది.

"గిన్నెలో ఏ వంకా లేదు. రాసెయ్" అంది.

రాశాను. మా అమ్మ ఎదురుగా కూర్చుని, మా అమ్మ పేరు మీద, వాడకం లోపం అని రాశాను. కాగితం నావైపుకి తిరిగి ఉంది. ఆవిడకి తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి చదవలేదులే అనుకున్నాను. బస్సులో ఇంటికొస్తూ అమ్మ "మీ లాబ్ చల్లగా ఉందే" అని మాత్రం అంది.

తర్వాతి పని అరుగుదల పరీక్ష. ఒక్కో గిన్నెని వెయ్యిసార్లు నింపి, వెయ్యిసార్లు వంపి, ఎక్కడ అరిగిందో చూడాలి. మా క్లాసులో ఎవరికీ ఇష్టంలేని చాకిరీ. ఒక గిన్నె ఇంటికి తెచ్చుకుని నేను విసుక్కుంటూ ఉంటే అమ్మ అంది, "నాకివ్వవే. పగలంతా ఊరికే కూర్చునేదాన్నేగా."

పెరట్లో కుళాయి పక్కన రెండు బకెట్లు పెట్టుకుంది. పది వంపులకొక గీత చొప్పున గోడ మీద సుద్దతో గీసుకునేది.

నాలుగోరోజు మధ్యాహ్నం కాలేజీలో కరెంటు పోయి త్వరగా ఇంటికొచ్చాను. పెరటి తలుపు తెరిచే ఉంది. గడప దాటబోయి ఆగిపోయాను.

అమ్మ ఎడమచేత్తో వంపుతోంది. గిన్నె బకెట్‌లో ముంచడం, లేపడం, కుడివైపుకి వంచడం అంతా ఒకటే ఊపు. నీళ్ళు సన్నటి ధారగా పోయి రెండో బకెట్‌లో పడుతున్నాయి. చుట్టూ గచ్చు పొడిగా ఉంది. ఏదో కూనిరాగం తీస్తోంది. రెండేళ్ళుగా మా ఇంట్లో గ్లాసుని రెండు చేతులా పట్టుకుని భయంభయంగా నడిచే మనిషికీ ఈవిడకీ పోలికే లేదు. ఎవరూ చూడరన్న ధీమాతో తన చేత్తో తను పనిచేసుకుంటోంది. నాకు కడుపు నిండినట్టయింది. పిలిస్తే ఆపేస్తుందని చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను.

అప్పుడు పిడి ఊడింది. గిన్నె ఆవిడ కాళ్ళ దగ్గర దొర్లింది. నీళ్ళు పాదాలు తడిపాయి.

అమ్మ ఉలిక్కిపడలేదు. ముందు ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నేను కనపడ్డాను. వెంటనే పిడిని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంది.

"నాదే తప్పు" అంది. "కుడిచేత్తోనే చెయ్యాల్సింది."

అలా గబుక్కున చెయ్యి మార్చుకోవడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నిలబడింది మా అమ్మ, తన ఇంట్లో, తన పెరట్లో, తన చేతిని దాచుకుని. ఈ భయం ఆవిడకి నేర్పినవాళ్ళని వరసగా నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది. ఆ వరసలో నేనూ ఉన్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. గిన్నె తీసి అడుగున నంబరు చూశాను. గోడ మీద అరవై నాలుగు గీతలున్నాయి.

"అమ్మా, క్యాంటీన్‌లో ఊడింది కూడా ఇలాంటిదేనా?"

"ఇలాంటిదేంటి, ఇదే. అడుగున నంబరు కూడా ఇదే. కొత్తగా తెచ్చి ఇరవై రోజులైనా కాలేదు."

"లాబ్‌లో చూసినప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పి? అందరూ బాగానే పట్టుకుంటున్నారుగా. ఊడింది నా ఒక్కదాని చేతిలోనే."

నాన్న అయిదింటికి వచ్చాడు. చేతుల నూనె వదలకముందే గిన్నె ఒక చేతిలో, పిడి ఇంకో చేతిలో పెట్టాను.

"ఎవరు ఊడదీశారు?" అన్నాడు.

"ఎవరూ తియ్యలేదు. అదే ఊడింది. మర చూడు."

పిడి చివర, గిన్నెలోకి బిగించే మర మీద బొటనవేలి గోరు ఆనించి తిప్పాడు. నాన్న మరని కళ్ళతో కంటే గోటితోనే బాగా చూస్తాడు.

"ఇది ఎడమ మర" అన్నాడు.

"అంటే?"

"మామూలు మరని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఇది దానికి ఎదురు. అటు తిప్పితే ఊడుతుంది." పిడి బిగించి చూపించాడు. "ఎందుకిలా కోశారంటే, కుడిచేత్తో పట్టుకుంటే ఎడమవైపుకి వంపుతాం. వంపినప్పుడల్లా బరువుకి పిడి కాస్త మెలితిరుగుతుంది. మామూలు మరైతే రోజూ ఇంత వదులవుతుంది. ఇదైతే వంపేకొద్దీ ఇంకా బిగుస్తుంది. కోసినవాడు బుర్రున్నవాడే." తోటి పనివాణ్ణి మెచ్చుకుంటున్నట్టు తల ఊపాడు.

"మరి ఎడమచేత్తో వంపితే?" అన్నాను.

నాన్న కుళాయి దగ్గరికెళ్ళాడు. గిన్నె నిండా నీళ్ళు పట్టాడు. ఎడమచేతిలోకి తీసుకుని కుడివైపుకి వంపాడు. మళ్ళీ పట్టాడు, వంపాడు. ఇరవైసార్లో ముప్పైసార్లో అలా చేసి, పిడిని రెండు వేళ్ళతో కదిపాడు. కదిలింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాన్న ఆవిడ వైపు తల తిప్పలేదు. గిన్నెని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఆ రోజు తర్వాత "కుడి, కుడి" అన్న మాట మా ఇంట్లో వినపడలేదు.

మర్నాడు లాబ్ మేడం బల్ల మీద గిన్నె పెట్టి జరిగిందంతా చెప్పాను. అమ్మ ఎడమచేతివాటం సంగతి, క్యాంటీన్ సంగతి, ఆ కాగితం సంగతి కూడా చెప్పాను.

"అంటే నీ ఇరవై మూడో ఫారం చెల్లదు. అది పక్కన పెట్టు" అంది ముందుగా. "ఎడమచేత్తో చేసినదాన్ని మన పరీక్షలో లెక్కపెట్టం. మొదటి ప్రశ్న ఉన్నదే అందుకు. వాళ్ళని తీసేస్తేనే కొలతలు ఒక తీరున ఉంటాయి."

"కొలతలు ఒక తీరునే ఉన్నాయి మేడం. చేతులు కాలేవాళ్ళనేగా తీసేసింది."

"వాడాల్సిన పద్ధతిలో వాడకపోతే వాడకం లోపం అంటారు. రెండో సంవత్సరంలో చదువుకున్నావు."

"ఆ పద్ధతి ఎక్కడ రాసుంది? అట్టపెట్టె మీద లేదు, లోపలి పుస్తకంలో లేదు. ఎడమచేత్తో పట్టుకుంటే ఊడుతుందని చెప్పకుండా అమ్మేసి, పట్టుకున్నాక మీదే తప్పంటే ఎలా మేడం? వాళ్ళు ఆ చేత్తో పుట్టారు. పుట్టుకని కూడా వాడకం లోపమని రాసుకుందామా?"

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. పక్క బల్లల దగ్గర పిల్లలు పని ఆపేశారు. మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"అసలు పట్టికలో పెట్టడానికి వీల్లేదు. అనుబంధంగా పెట్టుకుంటే పెట్టుకో. అడిగిన పని వదిలేసి అడగనిది చేశావని మార్కులు తగ్గుతాయి. తర్వాత నా దగ్గర ఏడవకు."

వెనక్కి పంపిన ఏడుగురికీ ఫోన్ చేశాను.

"మళ్ళీ ఎందుకమ్మా? మేం పనికిరాం అన్నారుగా" అంది లెక్కల టీచరు.

"పనికిరానిది మా ఫారం టీచర్‌గారూ, మీరు కాదు. నన్ను క్షమించి ఒక్కసారి రండి."

ఆరుగురు వచ్చారు. అమ్మతో కలిపి ఏడుగురు. ఈసారి అమ్మ ఏ చెయ్యో ఎవరూ అడగలేదు. మూడు రోజుల పాటు తలా మూడొందల వంపులు. చేతులు పనిలో ఉంటే నోళ్ళు ఊరుకోవు కదా, ఒకరి కథ ఒకరు చెప్పుకున్నారు. దర్జీకి చిన్నప్పుడు కత్తెర తిరగబడి వేలు తెగితే పైనుంచి రెండు దెబ్బలు పడ్డాయట. టీచరు ఇంట్లో వేడినీళ్ళ గిన్నె ఆవిడని ముట్టుకోనివ్వరట. "మా ఇంట్లోనూ అంతే" అంది అమ్మ. అలా అని ముగ్గురూ నవ్వుతుంటే నేను తల వంచుకుని గీతలు గీసుకున్నాను. మూడోరోజుకి ఏడు పిడులూ వదులయ్యాయి. ఒకటి ఊడిపోయింది కూడా. కుడిచేతివాళ్ళు వంపిన గిన్నెల్లో ఒక్కటి కదిలితే ఒట్టు.

ఆ ఆదివారం నాన్న మా ఇంటి గిన్నెని వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి తెచ్చాడు. పిడికీ మరకీ అడ్డంగా చిల్లు కొట్టి, సన్నటి స్టీలు పిన్ను దిగ్గొట్టాడు. ఇక ఏ వైపు తిప్పినా ఊడదు.

"ఎంతసేపు పట్టింది?" అన్నాను.

"పది నిమిషాలు" అన్నాడు. గిన్నెని అమ్మకి ఎడమపక్కన పెట్టాడు.

అప్పుడే వచ్చిన అత్త ఈ కథంతా విని మూతి తిప్పింది. "బాగుంది. అయితే తప్పంతా గిన్నెదే అంటారు."

"గిన్నెదే కాదు" అన్నాడు నాన్న తన చెల్లెలితో. "రోజూ మరలు కోసే చేతులు నావి. పిడి ఎందుకు ఊడిందో ఒక్కసారి వెళ్ళి చూసొద్దామని రెండేళ్ళలో నాకు బుద్ధి పుట్టలేదు. మనిషినే దిద్దుకుంటూ కూర్చున్నాను. ఇంకోసారి దాని చెయ్యి గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దు."

అత్త ఆ రోజు నా చదువు గురించి కూడా ఏమీ అడగలేదు.

మా రిపోర్టు కంపెనీకి వెళ్ళింది. నాన్న కొట్టిన పిన్ను బొమ్మ గీసి మరీ పంపాను. సెలవులు అయిపోయే ముందు జవాబు వచ్చింది. ఎడమచేతి వాడకంలో పిడి వదులయ్యే అవకాశం ఉన్నట్టు తామూ గమనించారట. వాడేవాళ్ళ క్షేమం తమకి ముఖ్యమట. అందుకని ఇకపై వివరాల పుస్తకంలో హెచ్చరిక చేరుస్తున్నారట. ఆ కొత్త పుస్తకం కూడా జతచేశారు. పదకొండో పేజీలో, అడుగున, లాబ్‌లో దారప్పోగులు లెక్కపెట్టే భూతద్దం పెడితే కనపడింది: "ఈ పాత్రను కుడిచేతితో మాత్రమే వంపవలెను."

చదివి నాకు ఒళ్ళంతా నిప్పంటుకుంది. పది నిమిషాల పిన్ను వాళ్ళకి బరువైంది. ఒక వాక్యం అచ్చేసి, వాళ్ళ తప్పుని పట్టుకెళ్ళి మళ్ళీ మనిషి చేతికే తగిలించారు. ఇకమీదట ఎవరి చెయ్యి కాలినా పదకొండో పేజీ చూపించి చేతులు దులుపుకుంటారు. ఆ పుస్తకాన్ని మేడం బల్ల మీద విసిరినంత పని చేశాను.

మేడం భూతద్దం కింద ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఉత్తరం తీసుకుని, "గమనించాము" అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసింది.

"కోపం తర్వాత పడుదువుగాని. పిడి ఊడుతుందని సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నారు, చూశావా?" అంది. "ఒక కాపీ మీ అమ్మకివ్వు. పట్టుకెళ్ళాల్సిన చోటు ఆవిడకి తెలుసు." నా ఫారాల కట్ట దగ్గరికి లాక్కుని, ఖాళీ ఫారం ఒకటి తీసి మొదటి ప్రశ్న కొట్టేసింది. నా మార్కులు మాత్రం తగ్గించింది. పద్ధతి పద్ధతే.

క్యాంటీన్‌కి ముగ్గురం వెళ్ళాం. నాన్న లోపలికి రాలేదు. గిన్నె ఉన్న గుడ్డసంచి అమ్మకిచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. మేనేజరు ఉత్తరం చదివి వెనక్కి తిప్పి చూశాడు, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని.

"అయితే ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు.

"నేనేమీ అనడం లేదు సార్. మీరు రాసింది కొట్టెయ్యండి."

"రెండేళ్ళనాటి రిజిస్టరది. అందులో దిద్దకూడదు."

"దిద్దొద్దు. కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. పాలు విరిగిన రోజుల్లో లీటర్లు అలాగే మార్చేవారుగా. నేను చూస్తూనే ఉండేదాన్ని."

మేనేజరు నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. రిజిస్టరు బయటికి రావడానికి పావుగంట పట్టింది. వాక్యం మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టి, "గిన్నె తయారీ లోపం" అని కొత్త కాగితం రాసిచ్చాడు. ఇచ్చి, పెద్దమనసు చేసుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పని కావాలంటే రేపట్నుంచి రా. ఇప్పుడున్నవాడి టీ ఎవరూ తాగట్లేదు. కానీ ఒక్కమాట. కుడిచేత్తోనే చెయ్యాలి. కంపెనీవాళ్ళే చెబుతున్నారుగా."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, ఎడమచేత్తో. తర్వాత సంచిలోంచి నాన్న పిన్ను కొట్టిన గిన్నె తీసి ఆయన ముందు పెట్టింది.

"గిన్నె మార్చండి, వస్తాను" అంది. "చెయ్యి మార్చను."

"ఆలోచించి చెబుతాలే."

"నేనూ ఆలోచించే చెబుతాను సార్. ఒక హాస్టల్ వంటింట్లో అడిగొచ్చాను, వాళ్ళు ఈ కాగితం కోసమే చూస్తున్నారు." గిన్నె మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ పై సోమవారం నుంచి అమ్మ హాస్టల్ వంటింట్లో చేరింది, తన గిన్నెతో.

కానీ నాకు ఆ రోజు గుర్తుండిపోయింది ఇది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అమ్మ అంది, "కొట్టెయ్యాల్సింది నీ దగ్గర కూడా ఒకటి ఉండాలే."

"ఏంటమ్మా?"

"ఇరవై మూడో నంబరు."

"నువ్వు చదివావా?" అన్నాను.

"ఎనిమిదేళ్ళు కౌంటరు లోపలివైపు నిలబడి చీటీలు చదివినదాన్ని" అంది. "తలకిందులుగా ఉంటేనే నాకు బాగా కనపడుతుంది."

అన్ని వారాలూ తెలిసే ఉంది ఆవిడకి. తెలిసే నా గిన్నె తీసుకుని అరవై నాలుగు గీతలు గీసింది. తెలిసే మళ్ళీ లాబ్‌కి వచ్చి, నవ్వుతూ మూడొందలసార్లు వంపింది. ఆ ఎండాకాలమంతా నేను ఊరందరి మీదా కేకలేశాను. అమ్మ నన్నొక్క మాట అనలేదు.

లోపలికెళ్ళి కట్టలోంచి ఫారం తెచ్చాను. బల్ల మీద పెట్టి, "వాడకం లోపం" అన్న నా అందమైన అక్షరాల మీద గీత గీశాను. పక్కన సంతకం పెట్టాను.

"ఇటివ్వు" అని అమ్మ కాగితం తనవైపుకి తిప్పుకుంది. "అందులో నేను చెప్పిన అబద్ధం కూడా ఒకటుంది. అది నేను కొట్టెయ్యాలి."

పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. మొదటి ప్రశ్న ఎదురుగా "కుడి" కొట్టేసి "ఎడమ" అని రాసింది. కుడిచేత్తో పెట్టిన వంకర సంతకం కింద ఇంకో సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా, ఎక్కడా ఆగకుండా వచ్చాయి. రెండేళ్ళ తర్వాత మా అమ్మ చేతిరాత చూశాను.